ఈగలు, దోమలు, బొద్దింకల నివారణపై నివాసుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఎక్కువసేపు నడిచిన చర్చ ఈగల గురించే. కింది అంతస్తుల వాళ్లు కిటికీ తెరవలేకపోతున్నామన్నారు. పిల్లలు అన్నానికి కూర్చుంటే పక్కన ఒకరు నిలబడి ఈగలు తోలాల్సి వస్తోందన్నారు. మందు ఇంకా ఎక్కువసార్లు కొట్టించమని చాలామంది అడిగారు. ముందు అవి ఎక్కడ పుడుతున్నాయో చూద్దాం, మందు సంగతి ఆ తర్వాత తేల్చుదాం అని కార్యవర్గం నిర్ణయించింది. ఈ ఏడాది పని చాలావరకు ఆ నిర్ణయం చుట్టూనే నడిచింది. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం కాబట్టి ఆ వివరాలు ఇక్కడ రాయడం లేదు.

చెత్త డబ్బాల గట్టు

మన గదిలో తిరిగే ఈగ సాధారణంగా ఆ గదిలో పుట్టింది కాదు. తడి చెత్త, జంతువుల పేడ, కుళ్లుతున్న ఆకుల కుప్ప లాంటివి దానికి పుట్టిళ్లు. ఆడ ఈగ ఒక్కో విడతకు వందకు అటూ ఇటూగా, జీవితకాలంలో సుమారు 500 దాకా గుడ్లు పెడుతుంది. వేడి రోజుల్లో గుడ్డు ఒక్కరోజులోనే పిగిలి తెల్లపురుగు బయటికి వస్తుంది. అది నాలుగైదు రోజులు తిని, తడి వదిలేసి పొడిచోటికి పాకి, గుల్ల కట్టుకుంటుంది. అంతా కలిపి 7 నుంచి 10 రోజుల్లో గుడ్డు కాస్తా ఈగ అయిపోతుంది.

పారిశుద్ధ్య సిబ్బందితో కలిసి డబ్బాలు పక్కకు జరిపి చూశాం. డబ్బాల లోపల పెద్దగా ఏమీ లేదు, అవి రోజూ ఖాళీ అవుతూనే ఉన్నాయి. అసలు సంగతి కింద ఉంది. గట్టుకూ గోడకూ మధ్య వేలు దూరేంత సందు. అందులో డబ్బాల నుంచి కారిన నీళ్లు, తుక్కు కలిసి నల్లటి ముద్దలా పేరుకుపోయాయి. పుల్లతో కదిపితే తెల్లపురుగులు మెలికలు తిరుగుతూ పైకొచ్చాయి. కాస్త అవతల, పాత గోనెపట్టా ఎత్తితే, పొడిమట్టిలో నిగనిగలాడే ముదురు గోధుమరంగు గుల్లలు గుప్పెడు దొరికాయి. కొన్నింటికి ఒక కొస మూత ఊడినట్టు తెరుచుకుని ఉంది. వాటిలోని ఈగలు అప్పటికే ఎగిరిపోయాయి.

పైనుంచి కొట్టే మందు ఆ సందులోకీ పోదు, ఆ గుల్లలోకీ పోదు. మందు కొట్టిన రోజు ఈగలు రాలిపోయినా, వారం తిరిగేసరికి మళ్లీ అంతే ముసరడానికి కారణం అక్కడ దొరికింది.

ఆ సందును సిమెంటుతో పూడ్పించాం. గట్టు మీద నీళ్లు నిలవకుండా కాలువ వైపు వాలు పెట్టించాం. విరిగిన మూతలు మార్పించాం. డబ్బాలనూ గట్టునూ వారానికి రెండుసార్లు బ్రష్‌తో రుద్ది కడిగి ఆరబెడుతున్నారు. రెండుసార్లు ఎందుకని కొందరు అడిగారు. పురుగు కడుపునిండా తిని పొడిచోటికి వెళ్లడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆలోపే దాని తిండీ తడీ తీసేస్తే గుల్ల దాకా రాదు. వారానికి ఒక్కసారే కడిగితే చాలా పురుగులు తప్పించుకుంటాయి. ఎరువు గుంతలో తడి చెత్త వేసిన ప్రతిసారీ పైన మందంగా ఎండుటాకులు కప్పుతున్నారు, కుప్పను తిరగేస్తున్నారు. తిరగేస్తే పైన ఉన్న పురుగు లోపలి వేడిలో పడుతుంది, ఆ వేడికి బతకదు.

ఈ పనంతా చేసింది మన పారిశుద్ధ్య సిబ్బంది. వాళ్లకు బూట్లు, మోచేతుల దాకా వచ్చే గ్లౌజులు ఇచ్చాం. డబ్బా పక్కన సంచి పెట్టి వెళ్లిపోకుండా మూత తీసి లోపల వేయడం మన వంతు. ఈ ఒక్క విషయంలో కొన్ని ఇళ్లవాళ్లకు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది. దయచేసి గమనించండి.

ఫిర్యాదుల పుస్తకంలో ఈగల మాట ఇప్పుడు బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, పోదు కూడా. ఈగ కిలోమీటరు పైనే ఎగిరి రాగలదు, కాబట్టి బయటి నుంచి వచ్చేవి వస్తూనే ఉంటాయి. వాటికి కిటికీ జాలీలే అడ్డు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈగ ఘనపదార్థం నమలలేదు. తిండి మీద వాలి, తన నోటి ద్రవం దాని మీద వదిలి, కరిగించి పీల్చుకుంటుంది. రుచి చూసేది కాళ్లతోనే. అంతకుముందు ఆ కాళ్లు ఎక్కడ వాలి వచ్చాయో మనకు తెలియదు. విరేచనాలు, టైఫాయిడ్ లాంటి జబ్బుల క్రిములు అలా పళ్లెంలోకి చేరగలవు.

మందు పెంచమన్న సభ్యులకు ఒక పాత సంగతి గుర్తు చేయాలి. డీడీటీ పురుగులను చంపుతుందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి చేతికి అందేలోపే కొన్ని దేశాల్లో ఇంటి ఈగలు డీడీటీకి లొంగడం మానేశాయి. తరం పదిరోజుల్లో మారిపోయే జీవి మందుకు అలవాటు పడటానికి ఎక్కువకాలం పట్టదు. ఒకే మందు పదేపదే కొట్టించడానికి కార్యవర్గం ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

బాత్‌రూమ్ గోడల మీద కనిపించే బూడిదరంగు చిన్న ఈగల గురించి కూడా ఫిర్యాదులొచ్చాయి. అవి వేరే జాతి. డ్రైనేజీ పైపు లోపల పేరుకునే జిగట పొరలో పుడతాయి. రాత్రి డ్రైనేజీ జాలీ మీద, జిగురు కిందికి ఉండేలా టేపు అంటించి, పొద్దున చూస్తే టేపుకు అతుక్కుని ఉంటాయి. వేడినీళ్లు పోస్తే సరిపోదు, పొడవాటి బ్రష్‌తో ఆ పొరను గీకి తీయాలి. బ్లీచింగ్‌నూ యాసిడ్ క్లీనర్‌నూ మాత్రం ఎప్పుడూ కలపకండి, ప్రాణం మీదికి తెచ్చే క్లోరిన్ వాయువు పుడుతుంది.

బొద్దింకలు

ఈ ఏడాది కష్టమైన పని ఇదే. వంటగదుల్లో ఉండే చిన్న లేతగోధుమరంగు బొద్దింక ఒక్కో గుడ్లసంచిలో 30 నుంచి 40 గుడ్లు పెడుతుంది. అవి పిగిలే సమయం దాకా ఆ సంచిని తన ఒంటితోనే మోస్తుంది. ఒక ఇంట్లో స్ప్రే కొడితే బతికినవి పైపుల సందుల వెంట పక్కింటికో పైయింటికో పోతాయి. ఎవరి ఇంట్లో వాళ్లు కొట్టుకుంటూ పోతే బొద్దింకలు ఇల్లు మారడమే తప్ప తగ్గవు.

అందుకే ఒకే పైపు వరుస మీద ఉన్న ఇళ్లన్నింటికీ ఒకే రోజు జెల్ (బొద్దింకలు తినే ఎర మందు) పెట్టించాం. పైపులు గోడలోకి వెళ్లే చోట రంధ్రాలు మూయించాం. జెల్‌ను అల్మరా తలుపుల కబ్జాల దగ్గర, సింకు కింద, ఫ్రిజ్ వెనక కందిగింజలో సగమంత చుక్కలుగా పెట్టాలి. తిన్న బొద్దింక వెంటనే చావదు, గూటికి వెళ్లి చస్తుంది. దాని రెట్టను, శవాన్ని తిన్నవి కూడా చస్తాయి. ఆ చుట్టుపక్కల స్ప్రే కొడితే బొద్దింక జెల్ దగ్గరికే రాదు. రెండూ ఒకేసారి వాడిన ఇళ్లలో ఫలితం అంతగా లేదు, స్ప్రే ఆపాక తేడా కనిపించింది. కొందరు తాళం వేసి ఊరెళ్లడం వల్ల రెండు వరుసల్లో పని సగంలో ఆగింది. అక్కడ మళ్లీ మొదటి నుంచి చేయాలి.

బొద్దింకల రెట్ట, రాలిన పొట్టు పిల్లల్లో ఆస్తమాను పెంచుతాయి. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇళ్లకు తర్వాతి విడతలో ముందు చేయిస్తాం. ఆ ఇళ్లవాళ్లు కార్యదర్శికి ఒక మాట చెబితే చాలు, కారణం ఎక్కడా రాసుకోం.

నల్లుల విషయంలోనూ గోప్యత పాటిస్తున్నాం. నల్లులు పట్టడం మురికికి గుర్తు కాదు. ప్రయాణాల్లో సూట్‌కేసు వెంటో, వాడిన మంచం వెంటో ఎంత శుభ్రమైన ఇంటికైనా వస్తాయి. జబ్బులు అంటించినట్టు తేలలేదు గానీ నిద్ర మాత్రం ఉండనివ్వవు. సిగ్గుపడి దాచుకుంటే పక్కిళ్లకు పాకే వ్యవధి దొరుకుతుంది. దుప్పట్లు, బట్టలు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, బాగా వేడిగా ఆరబెట్టండి. నల్లులున్న పరుపును వరండాలో పెట్టకండి, మాకు చెప్పండి, ప్లాస్టిక్ చుట్టి తీయిస్తాం.

దోమలు

డెంగీ మోసే దోమ పగటిపూట కుడుతుంది, శుభ్రమైన నిల్వనీటిలో పుడుతుంది, సాధారణంగా పుట్టిన చోటికి కొన్ని వందల మీటర్లు దాటి పోదు. అంటే మనల్ని కుట్టేది చాలావరకు మన ఆవరణలో పుట్టినదే. మలేరియాకూ దోమకూ ఉన్న లంకెను రోనాల్డ్ రాస్ 1897లో కనుక్కున్న ఆగస్టు 20నే ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. ఆ రోజు మొదలుపెట్టి, వారానికోసారి ట్యాంకు మూతలు, కుండీల కింది పళ్లేలు, ఏసీ నీళ్లు పడే డబ్బాలు, టెర్రస్ మీది పాత సామాను చూసుకుంటూ వస్తున్నాం. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు పాత్ర గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పిగులుతాయి. రుద్ది కడగాలి. ఫాగింగ్ ఎగిరే దోమల మీదే పనిచేస్తుంది, నీటిలోని పిల్లదోమలను ముట్టుకోదు. కాబట్టి డెంగీ కేసు వచ్చినప్పుడు తప్ప ఫాగింగ్ చేయించడం లేదు.

చీమలకు సబ్బునీళ్లతో బారు తుడిచేస్తే చాలావరకు సరిపోతోంది. మనకు వినపడని శబ్దంతో పురుగులను తరుముతాయని అమ్మే అల్ట్రాసోనిక్ పరికరాలు కొనమని ఇద్దరు ముగ్గురు అడిగారు. పరీక్షల్లో అవి పనిచేయవనే తేలింది, సంఘం డబ్బు వాటికి వెచ్చించం. పొలాల్లో కొట్టే మందులు ఎవరూ ఇంట్లో వాడవద్దు. ఏ మందునూ తాగునీటి సీసాలోకి వంపుకోవద్దు. పిల్లలు నీళ్లనుకుని తాగుతారు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు సభ్యుల ముందు పెడుతున్నాం. ఒకటి, చెత్త డబ్బాల గట్టు దగ్గర విడిగా కుళాయి. ఇప్పుడు సిబ్బంది బకెట్లతో నీళ్లు మోస్తున్నారు, అది మానిపించాలి. రెండు, బొద్దింకల పని ఉన్న రోజు ఇంటి తాళం నమ్మకస్తులకు అప్పగించి వెళ్లాలనే నియమం. మొదటిదానికి అంచనా ఖర్చు జమాఖర్చుల పట్టికలో ఉంది. రెండోదాని మీద అభ్యంతరాలుంటే సమావేశానికి ముందే రాసి ఇవ్వండి, చర్చించి ఓటుకు పెడతాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి