అమ్ములూ, సిస్టం మార్చాను

తణుకు,
జనవరి 2026

చి. అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనని శ్యామల పిన్ని చెబితే తెలిసింది. ఆవిడకెలా తెలిసిందో తర్వాత చెబుతాను, ముందు అసలు సంగతి విను. మన కంప్యూటర్‌లో సిస్టం మార్చాను. కొత్తది కొనలేదు. సత్తిబాబు కట్టిన ఆ పాత డబ్బాలోనే విండోస్ పక్కన పెట్టి, దాని బదులు ఊరికే దొరికే లినక్స్ వేశాను. ఈ ఉత్తరం దాంట్లోనే టైపు చేస్తున్నాను. ప్రింటు తీసి మావయ్య చేత పంపిస్తాను. ఎక్కడైనా ఒత్తులు ఊడిపోయి ఉంటే చెప్పు. ఈ మాత్రం దానికి ఉత్తరమెందుకు, ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు "మీటింగులో ఉన్నా నాన్నా" అంటావు. కాయితమైతే నీ మీటింగు అయ్యేదాకా ఆగుతుంది.

పండక్కి రాలేదని కోపమేం లేదు. సెలవు దొరకలేదన్నావు, సరే. భోగి మంట దగ్గర కూర్చుని మీ అమ్మ బస్టాండు వైపే చూసింది, అంతే. చిట్టిబాబాయ్ వాళ్ళు వచ్చారు, అరిసెలు వాళ్ళే తినేశారు. నీకు తీసిపెట్టినవి వేరే ఉన్నాయిలే.

లాక్‌డౌన్‌లో నువ్వు వేసి వెళ్ళిన విండోస్ 10కి పోయిన అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది. ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావని తెర మీద ఒకటే గోల. పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా పొడిగిస్తారట. అది వాయిదాయే గానీ వైద్యం కాదు కదా. పోనీ విండోస్ 11 వేద్దామంటే మన డబ్బా పనికిరాదంది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలట, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో కావాలట. మనది మూడో తరం ఐ3. రోజూ వేళకి వచ్చి పని చేసి వెళ్ళే మనిషిని పట్టుకుని, నీ వయసు అయిపోయింది రేపట్నుంచి రాకు అన్నట్టుంది వరస. సర్లే, ఆ పోలిక వద్దు.

బజార్లో షాపతను సిస్టం మొత్తం మార్చేయమన్నాడు. నలభై వేల పైమాటే చెప్పాడు. నీతో అంటే పంపేస్తావని తెలుసు, అందుకే అనలేదు. ఈ నెల నువ్వు వేసిన డబ్బు అందింది. ఎప్పుడూ ఒకటో తారీకున పడేది, ఈసారి తొమ్మిదిన కొంత, పన్నెండున కొంత పడింది. అందిందని చెప్పడానికే రాస్తున్నాను, వేరే ఏం లేదు.

సీపీయూ పక్కన ఆ లినక్స్ పెంగ్విన్ స్టిక్కర్ ఇంకా ఉంది. ఇంజనీరింగులో ఉండగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రచారం చేసే స్వేచ్ఛ వాళ్ళ క్యాంపుకి వెళ్ళి తెచ్చి అంటించావు, మీ అమ్మ గోకి తీసేయబోతే ఏడ్చావు కూడా. అది చూసే ఈ ఆలోచన వచ్చింది. పైగా ఈసారి మూఢం మాఘమాసాన్ని కూడా మింగేసింది. టైపు చేసి ఇవ్వడానికి శుభలేఖలు లేవు, చేతులు ఖాళీ. లినక్స్‌లోనే మింట్ అనే రకం వేద్దామనుకున్నాను. 4 జీబీ ర్యామ్ ఉన్నా చాలట, ఈ 22 వరస వెర్షన్లకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయట. దాని ప్రతి వెర్షన్‌కీ ఓ ఆడపిల్ల పేరు పెడతారు. నేను వేసింది 22.2, పేరు జారా. మీ అమ్మకి చెబితే "ఈ పిల్లైనా పిలిస్తే పలుకుతుందా?" అంది. నేనేం మాట్లాడలేదు.

240 జీబీ ఎస్ఎస్‌డీ, అదే కొత్తరకం డిస్కు, ఒకటి కొన్నాను. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసి పెడితే సిస్టం దాని మొహం చూడదే! ఆన్ చేయగానే వచ్చే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్ళి ముందు పెన్‌డ్రైవ్ చూసేలా వరస మార్చినా అంతే, నల్ల తెర మీద తెల్ల గీత ఆడుతూ కూర్చుంది. రూఫస్‌లో జీపీటీ అని ఉన్నచోట పాత డబ్బాలకి పనికొచ్చే ఎంబీఆర్ పద్ధతి పెట్టి మళ్ళీ చేస్తే అప్పుడు లేచింది. ఇందులో నాకు నచ్చిందేమిటంటే, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ మీద నడిపి చూసుకోవచ్చు. సౌండు వస్తోందా, నెట్ వస్తోందా అన్నీ చూసుకున్నాక, క్యాబినెట్ విప్పి పాత హార్డ్ డిస్కుకున్న ఎర్ర కేబుల్ పీకి పక్కన పెట్టాను. "డిస్కు మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చెయ్యి" అన్న లైను ఉంటుంది చూడు, అక్కడ నా చెయ్యి ఆడలేదమ్మా. కేబుల్ పీకేశానని తెలిసీ మళ్ళీ వంగి చూసుకున్నాను. నానమ్మ ఫోటోలు, పాతికేళ్ళ శుభలేఖలు ఆ డిస్కులోనే కదా. అంతా అయ్యాక మళ్ళీ తగిలించాను. ఇప్పుడు ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కితే పాత విండోస్ కూడా వస్తుంది, కాకపోతే నెట్ వైరు పీకాకే అది తెరుస్తాను. నువ్వు నేర్పిన జాగ్రత్తే.

శ్యామల పిన్ని సంగతి చెబుతానన్నాను కదా. వాళ్ళ రమ్య పోయిన మంగళవారం పదకొండింటప్పుడు అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిన్ను చూసిందట. చేతిలో జెరాక్సు కాయితాల కట్ట ఉందట. పిలిస్తే వినిపించుకోలేదట. పిన్ని సంగతి తెలుసుగా, పంచదార కోసం వచ్చి ఆ మాట కూడా ఇచ్చి వెళ్ళింది. నేనన్నాను, అమీర్‌పేటలో మెట్రో లైను మారతారు, దాని కోసం దిగి ఉంటుంది అని. "లైను మారేవాళ్ళు రోడ్డు మీదికెందుకొస్తారు బావగారూ" అంది. ఆఫీసు వాళ్ళే ఏదైనా కోర్సుకి పంపి ఉంటారన్నాను. ఆవిడ అప్పటికి ఊరుకుంది. మీ అమ్మ ఊరుకోలేదు.

సరే, మొన్న ఏమైందో చెప్పనీ. రాత్రి ఎనిమిదింటికి వేల్పూరు నుంచి ఒకతను వచ్చాడు. వాళ్ళ నాన్న పోయారట, పెద్దకర్మ కార్డులు తెల్లవారేసరికి ఊళ్ళకి పంచాలట. మూఢంలో పెళ్ళిళ్ళు ఆగుతాయి గానీ ఈ కార్డులకి మూఢం లేదు కదా. మామూలుగా అయితే పాత మేటర్ తెరిచి పేర్లు మార్చి పది నిమిషాల్లో ఇచ్చేవాణ్ణి. కొత్త సిస్టంలో ఆ మేటర్ అతికిస్తే "స్వర్గస్థులైనారు" ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, తోకలున్న ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. పాత మేటర్‌లోని అను ఫాంట్లు అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే యూనికోడ్ కాదు కదా, ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఫాంటు లేకపోతే ముసుగు తీసి అసలు మొహం చూపిస్తుంది. ఎఫ్12 నొక్కి పాత దాంట్లోకి పోవచ్చు. కానీ మీ అమ్మ అక్కడే నించుని "నేను ముందే చెప్పాను" అనడానికి సిద్ధంగా ఉంది. పోలేదు.

మొత్తం మళ్ళీ కొడదామని కూర్చున్నాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెడితే వేళ్ళు ఒకటి కొడుతుంటే తెర మీద ఇంకోటి పడుతోంది. అతనేమో వీధరుగు మీద కూర్చుని ఫోన్లో ఎవరికో "అయిపోవచ్చిందండి" అంటున్నాడు. అప్పుడే నీకు ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. తొమ్మిదిన్నరకి మళ్ళీ చేశాను, అదే మాట. చార్జింగ్ లేదని మర్నాడు మెసేజ్ పెట్టావులే. కీబోర్డులు మార్చే ఐబస్ సెట్టింగుల్లో తెలుగు కింద ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే చూస్తూ వెళ్తే యాపిల్ అని కనపడింది. మన యాపిల్ కీబోర్డే! నువ్వు నా ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నదే. పెట్టి కళ్ళు మూసుకుని "వైకుంఠ సమారాధన" కొట్టాను. తెరిచి చూస్తే ఠ లోపలి చుక్కతో సహా ఉంది. ఇంక ఆగలేదు.

పేజ్‌మేకర్ లాంటి స్క్రైబస్‌లో పెడితే ముందు అన్నీ డబ్బాలు వచ్చాయి. ఫాంటు మండలికి మార్చాక అక్షరాలు దిగాయి. "జ్యేష్ఠ పుత్రుడు"లో ఒత్తులు చూడు, పేజ్‌మేకర్‌లో ఒక్కోటీ చేత్తో జరిపేవాణ్ణి, ఇది తనే సర్దుకుంది. తీరా ప్రింటు కొడితే ప్రింటర్ కదల్లేదు. దానికేదో ప్లగిన్ విడిగా దించుకోవాలట, దించాను. మొదటి కార్డు వేడివేడిగా బయటికొచ్చేసరికి మీ అమ్మ కూడా లేచి వచ్చి చూసింది. అతనికి చూపిస్తే అక్షరాల మాటే ఎత్తలేదు. "ఫోటో కొంచెం పెద్దది చెయ్యండి, మా నాన్న మీసాలు సరిగ్గా కనపడట్లేదు" అన్నాడు. చేశాను. బాగా పొద్దుపోయింది. డబ్బు తగ్గించే తీసుకున్నాను.

నువ్వు టైముకి తింటున్నావా? హాస్టల్ వాళ్ళు రాత్రి పూట అన్నం చల్లారాక పెడతారన్నావు. ఎలక్ట్రిక్ కుక్కర్ ఒకటి పంపుదామంటే గదిలో ఒప్పుకోరంటావు. రాత్రి పూట ఎక్కువసేపు చదవకు, కళ్ళద్దాల పవర్ చూపించుకుని ఎన్నాళ్ళయింది? పీఎఫ్ డబ్బు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కదపకు. ఎందుకు కదుపుతానంటావు, ఊరికే చెబుతున్నాను. ఆఫీసు ఇన్సూరెన్సులో మా పేర్లు ఉన్నాయా తీసేశారా అన్నది కూడా పట్టించుకోకు. అమ్మ కంటి ఆపరేషన్ ఎండలు తగ్గాక చూసుకోవచ్చని డాక్టరుగారే అన్నారు. క్రెడిట్ కార్డు తీసి గీకడం మొదలుపెడితే దానికి అంతు ఉండదు. డేటా ఎప్పుడూ రెండు చోట్ల పెట్టుకో. సర్టిఫికెట్లు ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు, ఏ కన్సల్టెన్సీ వాడు అడిగినా సరే. ముందు డబ్బు కట్టించుకుని ఉద్యోగం ఇప్పిస్తామనే వాళ్ళ గుమ్మం తొక్కకు. లెక్చర్ ఇవ్వకూడదనే కూర్చున్నాను, ఇదిగో ఇలా అయింది.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్త పెద్ద వెర్షనే రాలేదు. అలాంటి దాని మీద నేను నిన్ను చదివించాను. నరేంద్ర సెంటర్ చుట్టుపక్కల అప్పట్లో ఎన్ని డీటీపీ షాపులుండేవో నీకు గుర్తుండాలి, వాట్సాప్ శుభలేఖలు వచ్చాక ఒక్కొక్కటీ మూతపడ్డాయి. ఈశ్వరరావుగారు ఇప్పుడు మెడికల్ షాపులో కూర్చుంటున్నారు. ఆయన్ని ఎవరూ తక్కువగా చూడట్లేదు, రోజూ కాఫీకి కలుస్తున్నాం. ఉద్యోగం ఉందా లేదా అని నేను నిన్ను అడగట్లేదు. అడగను కూడా. ఉన్నా సరే, లేకపోయినా సరే, ఒకటో తారీకున డబ్బు పంపకు. మూఢం అయిపోగానే ముహూర్తాలు మొదలవుతాయి, నాకు పని తగులుతుంది.

సిస్టంలో నీకు వేరే లాగిన్ పెట్టాను. పాస్‌వర్డ్ నీ పాతదే, నానమ్మ పిలిచే పేరు. పోయిన నెల ఫైబర్ నెట్ కూడా వేయించాను, ముందుగది కిటికీ పక్కన బల్ల ఖాళీ చేశాను. ఇక్కణ్ణుంచి పని చేసుకోవాలన్నా, చదువుకోవాలన్నా అడ్డం వచ్చేవాళ్ళు లేరు. మీ అమ్మ టీవీ సౌండు తగ్గిస్తానంది. ఎన్నాళ్ళు తగ్గిస్తుందో తెలీదు.

మావయ్య బుధవారం రాత్రి బస్సెక్కి గురువారం పొద్దున్నే కూకట్‌పల్లిలో దిగుతాడు. ఏ టైముకి రమ్మంటావో వాడికే చెప్పు, నాకు చెప్పక్కర్లేదు. సంచిలో అరిసెలు, సున్నుండలు, కొత్తావకాయ ఇంకా లేదు గనక గోంగూర పచ్చడి ఉన్నాయి. పచ్చడి సీసా నిలువుగా పట్టుకో, మూత సరిగ్గా పట్టట్లేదు. తడి గరిటె పెట్టకు. సున్నుండల స్టీలు డబ్బా మీ అమ్మ పుట్టింటిది, ఖాళీ చేసి మావయ్య తిరిగొచ్చేటప్పుడు వాడి చేతికే ఇచ్చి పంపు. లేదా నువ్వే పట్టుకురా.

ఇట్లు
నాన్న