దబ్బచెట్టుకూ వనమహోత్సవంలో చోటివ్వాలి

సంపాదకుడికి నమస్కారం.

పోయిన వారం మా వీధిలో ఒక పాత దబ్బచెట్టును ప్రహరీ గోడకు అడ్డమని కొట్టేశారు. నరికిన కొమ్మలకు కాయలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. నా చిన్నతనంలో పర్లాకిమిడిలో మా వీధి పొడవునా నూతిగట్ల పక్కన ఈ చెట్లుండేవి. ఇప్పుడు మిగిలినవి రెండే.

కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న మా అమ్మాయి కోసం నర్సరీకి వెళ్లి దబ్బ మొక్క అడిగాను. నిమ్మ ఉంది, బత్తాయి ఉంది. దబ్బ మాత్రం అడిగేవారు లేక తేవడం లేదన్నారు. ఆ రుచి ఎరిగిన ఇళ్లలోనే చెట్లు పోతుంటే ఇక అడిగేదెవరు?

నిమ్మకాయ ఉండగా దబ్బకాయ ఎందుకని కొందరంటారు. దబ్బకాయ పులిహోర ఒక్కసారి తింటే ఆ మాట అనరు. దాని పులుపులో ఒక వగరు, ఒక పరిమళం ఉన్నాయి. మా అమ్మ అన్నం పళ్ళెంలో ఆరబోసి, పసుపు, పోపు కలిపి, చివరన రసం పిండేది. పొయ్యి మీద ఉండగా పోస్తే చేదెక్కుతుందని ఆ పని మాకెవరికీ ఇచ్చేది కాదు. గింజ పడకుండా వేళ్ల సందుల్లోంచి వడకట్టేది. ఆ చేతి వాసన సాయంత్రం దాకా పోయేది కాదు. ఊరగాయకైతే తొక్కతో సహా కత్తిపీట మీద ముక్కలు కోసి, ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు ఊరనిచ్చి, ఎండబెట్టి, కారం, మెంతిపిండి కలిపేది. జ్వరం పడి లేచినవారికి మా ఇంట్లో ఆ ముక్కతోనే మళ్లీ అన్నం సహించేది.

ఆకునూ వదలరు. మజ్జిగలో నలిపి వేస్తారు, ఎండాకాలం అన్నం, గంజి పులియబెట్టే తరవాణి కుండలోనూ వేస్తారు. మా ఒడియా ఇరుగుపొరుగువారు దానినే తొరాణి అంటారు, అందులో నిమ్మాకు వేస్తారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది గానీ, ఈ కుండ రెండు భాషల వంటిళ్లలోనూ ఒక్కటే.

కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినందుకు చాలా సంతోషించాను. దబ్బకు అంత గౌరవం ఇప్పుడే అడగడం లేదు. జూలై మొదటి వారంలో జరిగే వనమహోత్సవంలో పంచే మొక్కల్లో దబ్బను కూడా చేర్చాలని ఉద్యాన, అటవీ శాఖల అధికారులను కోరుతున్నాను. గింజ నాటితే కాపు రావడానికి ఏళ్లు పడుతుంది. వానలు మొదలవగానే పాత చెట్ల కొమ్మలకు వలయంగా బెరడు తీసి, తడి నాచు చుట్టి గూటి అంట్లు కడితే రెండు నెలల్లో వేళ్లు వస్తాయి. ఈ వానల్లో కట్టినవి వచ్చే ఏడాది పంపిణీకి అందివస్తాయి. అయితే అందుకు తల్లిచెట్లు బతికి ఉండాలి. కనుక ఊళ్లో ఇంకా ఎన్ని ఉన్నాయో ముందు లెక్క తీయించాలి.

మిగిలిన రెండు చెట్లలో ఒకటి మా పెరట్లోది. అంట్లు కట్టడానికి ఎవరు వచ్చినా కావలసినన్ని కొమ్మలు చూపిస్తాను.

— ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా