14 శాతం లాభం ఏ ఖాతాలో ఉందండీ?

గుంటూరు,
12-9-2025

ఇన్వెస్టర్ల విభాగం మేనేజరు గారికి,

అయ్యా,

2016 ఆగస్టులో, కంపెనీల్లో వాటాలు కొని తర్వాత అమ్మే మీ ప్రైవేట్ ఈక్విటీ ఫండులో కోటి రూపాయలు పెడతానని ఒప్పుకున్నాను. సెబీ నిబంధన ప్రకారం అంతకు తక్కువ తీసుకోరన్నారు, స్థలం అమ్మిన సొమ్ము ఇటే వచ్చింది. ఎనిమిదేళ్ల గడువు నిరుడే తీరిపోయింది. ఇప్పటిదాకా నాకు తిరిగొచ్చింది 41 లక్షలు.

మొన్న పంపిన స్టేట్‌మెంటులో మాత్రం ఐఆర్‌ఆర్, అంటే ఏటా వచ్చే రాబడి, 14 శాతం అని వేశారు. మా అబ్బాయి చేత లెక్క కట్టించాను. అమ్ముడుపోని వాటాల్లో నా వంతుకు మీరు కట్టిన విలువ 2 కోట్ల 15 లక్షలు, ఆ 14 శాతమంతా అందులోంచే పుట్టింది. నేను ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేశాను. కోల్డు స్టోరేజీలో ఉన్న తేజా రకం మిర్చి టిక్కీలకు, అంటే బస్తాలకు, ఎవరే రేటు చెప్పినా వింటాం. కాటా పడి సొమ్ము అందాకే జమ రాస్తాం.

ఫోన్‌లో మీవాళ్లు చెప్పిన కారణం ఇంకా బాగుంది. వర్ధమాన దేశాల్లో అంతా ఇంతేనట, రూపాయి పడిపోయిందట. 2016లో 67 దగ్గరున్న డాలరు ఇప్పుడు 85 దాటిన మాట నిజమే. డాలర్లు తెచ్చి పెట్టినవాళ్లకు ఆ దెబ్బ తగులుతుంది. నేనిచ్చింది రూపాయలు, అడిగేదీ రూపాయలే.

వాటాలు కొనేవాళ్లు దొరకడం లేదంటే అర్థం చేసుకుంటాను, ఐపీఓకు, అంటే వాటాలు స్టాక్ మార్కెట్‌కు తేవడానికి, కాలం కలిసిరావాలి. కానీ గడువు తీరాక మీరు పొడిగించిన ఏడాదికి కూడా మొత్తం కోటి మీద 2 శాతం ఫీజు, దానిపై జీఎస్టీ పట్టుకున్నారు. అమ్మలేకపోయినందుకు కూలీ నేనివ్వాలా?

గడువు పెంచాలంటే పెట్టుబడి విలువలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, అదీ రెండేళ్లకు మించకూడదు. నన్నెవరూ అడగలేదు. ఆ ఓటింగు ఫలితం, వాటాల విలువ కట్టే స్వతంత్ర వాల్యుయర్ ఇచ్చిన తాజా రిపోర్టు, ఏ కంపెనీ వాటా ఎప్పటికి అమ్ముతారో రాతపూర్వకంగా పంపండి. పొడిగింపు కాలపు ఫీజు వెనక్కివ్వండి.

21 రోజులు చూసి సెబీవారి ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెడతాను. జవాబు తెలుగులో రాయండి. చేర్చుకునేటప్పుడు బ్రోచరు తెలుగులోనే ఇచ్చారుగా.

ఇట్లు,
మీ ఫండు యూనిట్‌దారు,
బ్రాడీపేట, గుంటూరు