నర్సింగ్‌ను పోల్చాల్సింది జీతంతో మాత్రమే కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక విద్యా పేజీలో వైద్యరంగ కోర్సుల మీద వచ్చిన వ్యాసం, దాని పక్కన వేసిన పట్టిక చదివాను. నేను ఒక ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జి నర్సును. ఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ, రేడియోగ్రఫీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ అన్నీ వరుసగా పెట్టి చదువు ఎన్నేళ్లు, మొదటి జీతం ఎంత, విదేశాల్లో అవకాశం ఉందా అని చూపించారు. పిల్లలకు అవన్నీ తెలియాల్సిందే. నర్సింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘డాక్టర్ సీటు రానివారికి మంచి ప్రత్యామ్నాయం’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ మాట నమ్మి వచ్చిన పిల్లలు మొదటి నెలలోనే బెంబేలెత్తిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. డాక్టర్ పనిలో కొంత భాగం చేయడానికి వస్తున్నామనుకుంటారు. ఇక్కడ ఉన్నది వేరే పని.

మిగతా వృత్తులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రక్తం తీసేటప్పుడో, ల్యాబుకు తీసుకెళ్లేటప్పుడో ట్యూబులో ఎర్రకణాలు చితికితే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ రిపోర్టును అలాగే పంపకుండా ఆపి, మళ్లీ శాంపిల్ పంపమని ఫోన్ చేసేది ల్యాబ్ టెక్నీషియనే. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి రాసిన డోసు ఎక్కువైందని పట్టుకునేది ఫార్మసిస్టు. ఆపరేషన్ అయినవాళ్లను మళ్లీ తమ కాళ్ల మీద నడిచేలా చేసేది ఫిజియోథెరపిస్టు. అయితే ఈ పనులకు ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. శాంపిల్ వస్తుంది, రిపోర్టు వెళ్తుంది. నర్సు పనికి అలాంటి గీత లేదు. పేషెంటు నిద్రపోతున్నా, డాక్టర్ రౌండ్స్ ముగించుకుని వెళ్లిపోయినా ఆ మంచం బాధ్యత ఆమెదే. తర్వాతి షిఫ్టు వాళ్లు వచ్చి, ఒక్కొక్క మంచం దగ్గర నిలబడి హ్యాండోవర్ తీసుకునేదాకా కదలడానికి లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆపరేషన్ అయిన రెండో రోజు రాత్రి. బీపీ బాగుంది, ఆక్సిజన్ బాగుంది, జ్వరం లేదు. ఊపిరి మాత్రం సాయంత్రం నిమిషానికి 16 సార్లు ఉన్నది ఇప్పుడు 24. ఏ అలారమూ మోగలేదు. ఎలా ఉందని అడిగితే పేషెంటు బాగానే ఉందంటాడు, కానీ ఆ రెండు మాటల మధ్యే ఒకసారి ఆగుతాడు. చేతి గడియారం చూసుకుంటూ నిండు నిమిషం పాటు ఛాతీ కదలికలు లెక్కపెడితేనే ఈ తేడా దొరుకుతుంది. పరిస్థితి దిగజారే ముందు చాలామందిలో మొదట మారేది ఊపిరి వేగమే. దొరికాక డాక్టర్‌ను నిద్ర లేపి, ‘ఎందుకో తేడాగా ఉంది సార్’ అంటే చాలదు. ఇంత ఉన్నది ఇంతయింది, వచ్చి చూడాలి అని గట్టిగా చెప్పగలగాలి. చదువు, అనుభవం, ధైర్యం మూడూ కావాల్సిన పని ఇది. పట్టికలో దీనికి ఏ గడీ లేదు.

ఆ నిండు నిమిషం నర్సుకు దొరుకుతుందా లేదా అన్నది ఆ రాత్రి ఆమె చేతిలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర ఆసుపత్రుల మీద నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసిన పరిశోధన 2002లో వెలువడింది. సర్జరీ అయినవారి మీద చేసిన ఆ పరిశోధనలో, నర్సుకు ఒక్క పేషెంటు అదనంగా పెరిగితే 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం దాదాపు 7 శాతం పెరుగుతున్నట్టు తేలింది. కాలిఫోర్నియాలో 2004 నుంచి దీనికి చట్టబద్ధమైన పరిమితి అమల్లో ఉంది. ఇప్పుడక్కడ మామూలు మెడికల్, సర్జికల్ వార్డుల్లో ఒక నర్సుకు 5 మంది, ఐసీయూలో ఇద్దరు మించకూడదు.

మీ వ్యాసంలో నర్సింగ్‌కు ప్లస్ పాయింటుగా రాసినది, ‘నర్సుల కొరత ఉంది కాబట్టి ఉద్యోగం ఖాయం’ అని. కొరత నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సులున్నారు, అవసరానికి ఇంకా 58 లక్షల మంది తక్కువగా ఉన్నారు. ఉద్యోగం తేలిగ్గా ఇప్పించే ఆ కొరతే, చేరిన మర్నాటి నుంచి ఇద్దరి పని ఒకరి నెత్తిన పెడుతుంది. నడుం నొప్పులు, రాత్రి డ్యూటీలతో చెడిపోయే నిద్ర, పండగ రోజు ఇంట్లో లేకపోవడం, అన్నీ దాంతో పాటే వస్తాయి. ల్యాబులో, ఎక్స్‌రేలో పనిచేసేవాళ్లకూ రాత్రి డ్యూటీలు ఉంటాయి, కాదనను. కానీ మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పే బరువు వాళ్ల మీద ఉండదు. ఈ సంగతి ముందే చెబితే పిల్లలు పారిపోతారని కొందరంటారు. తెలిసి వచ్చినవాళ్లే నిలబడతారని నా నమ్మకం.

మీ పట్టికలో రాని మంచి సంగతి ఇంకొకటి ఉంది. ఫిజియోథెరపీ చదివినవారు ల్యాబులోకి మారాలంటే మొదటి నుంచి చదవాలి. నర్సు అయితే వార్డు నుంచి ఐసీయూకు, ఆపరేషన్ థియేటర్‌కు, డయాలసిస్‌కు, మానసిక ఆరోగ్యానికి, ప్రజారోగ్యానికి, కాలేజీలో పాఠాలు చెప్పడానికి వృత్తి వదలకుండానే వెళ్లవచ్చు. కొన్నిటికి అదనపు శిక్షణ కావాలి, అంతే. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలైంది. ఆ పై చదువు చదివిన నర్సులు కొన్ని దేశాల్లో రోగ నిర్ధారణ చేస్తారు, మందులు రాస్తారు. ఒకే చోట, ఒకే యంత్రం దగ్గర లోతుగా పనిచేయడం ఇష్టమైనవారికి మాత్రం రేడియోగ్రఫీయో ల్యాబో నయం. మనుషులతో రోజంతా ఉండలేనివారిని నర్సింగ్‌లోకి తోయకండి అని తల్లిదండ్రులకు నా మనవి.

మళ్లీ ఇలాంటి పట్టిక వేసినప్పుడు దయచేసి రెండు గడులు చేర్చండి. ఒక షిఫ్టులో ఒకరి చేతి కింద ఎంతమంది పేషెంట్లు ఉంటారు, పదేళ్ల తర్వాత ఆ ఉద్యోగి ఏయే స్థానాల్లో ఉండగలరు. మొదటి గడి నింపడానికి మీ విలేకరులు ఆసుపత్రుల యాజమాన్యాలను అడగాల్సి వస్తుంది. అడగండి, వచ్చిన జవాబులు ఆసుపత్రుల వారీగా అచ్చు వేయండి. ఆ లెక్క చేరబోయే విద్యార్థికి ఎంత అవసరమో, అక్కడ అడ్మిట్ కాబోయే పేషెంటుకూ అంతే అవసరం.

ఇట్లు,
ఒక వార్డు ఇన్‌ఛార్జి నర్సు