కచేరీ సమీక్షలో కచేరీ ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చిన ఏదైనా సంగీత సమీక్ష తీసుకుని, గాయకుడి పేరు కొట్టేసి మరొకరి పేరు రాసి చూడండి. మిగతాది ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. 'రసజ్ఞులను ఓలలాడించారు', 'వీనులవిందు చేశారు', 'సభాప్రాంగణం కరతాళధ్వనులతో మారుమోగింది'... ఇవి ఏ కచేరీకైనా అతుకుతాయి, వెళ్లకపోయినా రాయొచ్చు. నిర్వాహకులు పంపిన కాగితంలోని అచ్చుతప్పు మర్నాడు రెండు మూడు పత్రికల్లో ఒకేలా కనిపిస్తే, ఎవరు వెళ్లారో ఎవరు వెళ్లలేదో పాఠకుడికి వేరే చెప్పాలా?

'కల్యాణి రాగం ఆలపించి ఆకట్టుకున్నారు' అన్నంత మాత్రాన ఏం తెలిసింది? ఆలాపన ఎంతసేపు సాగింది, ఏ స్వరం మీద ఎక్కువసేపు నిలిచారు, వయొలిన్ వంతు వచ్చినప్పుడు అదే బాట నడిచిందా, కొత్త దారి తీసిందా, ఒకే పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడే నెరవు ఏ పాదం దగ్గర ఎత్తుకున్నారు, అప్పటికప్పుడు అల్లే స్వరకల్పన ఎత్తుగడ తాళం మొదటి దెబ్బ అయిన సమం మీదా, సమం దాటాకా? ఇవన్నీ రాయడానికి నాలుగు వాక్యాలు చాలు. అతిథుల పేర్లకూ శాలువాలకూ ఇచ్చే చోటులో సగం సరిపోతుంది.

నెరవు సంగతి తెలుగు పత్రికకే ప్రత్యేకంగా చేతనైన పని. త్యాగరాజస్వామి 'నిధి చాల సుఖమా' కృతిలో చాలామంది 'మమత బంధన యుత నరస్తుతి సుఖమా' అన్న పాదాన్ని నెరవుకు తీసుకుంటారు. అక్కడ 'నర' దగ్గర ఊపిరి తీసుకుని 'స్తుతి సుఖమా' అని విడిగా మళ్లీ మళ్లీ అంటే, మనుషుల్ని పొగడటం గురించిన ప్రశ్న కాస్తా అసలు స్తుతి గురించిన ప్రశ్న అయిపోతుంది. తరువాతి పాదంలో స్వామివారు కీర్తన సుఖమా అని అడుగుతున్నారు కాబట్టి అర్థం మొత్తం తారుమారు. తెలుగు రాని గాయకుడు పొరబడితే తప్పు పట్టక్కర్లేదు గానీ, తెలుగులో రాసే సమీక్షకుడు గమనించకపోతే ఇంకెవరు గమనిస్తారు? నరస్తుతి ప్రస్తావన ఎలాగూ వచ్చింది కాబట్టి, ఆ పాదం సమీక్షకులకూ పనికొస్తుందని మనవి.

రాగాల పేర్ల దగ్గర మరీ నిర్లక్ష్యం. ఆరభి, దేవగాంధారి రెండింటి ఆరోహణ అవరోహణలూ కాగితం మీద దాదాపు ఒకటే. తేడా అంతా నడకలో, స్వరాన్ని ఊపే గమకంలో. ఆరభి చురుగ్గా సాగుతుంది, దేవగాంధారి నిదానంగా ఊగుతుంది. పుస్తకంలో స్వరాలు చూసి పేరు రాసేవారు ఇక్కడ పట్టుబడిపోతారు. సినిమా పాటల దగ్గర ఇంకో జబ్బు, ఏది వినిపించినా 'మోహన రాగంలో' అనేయడం. మోహనలో మధ్యమం, నిషాదం ఉండవు. పల్లవీ చరణమూ హార్మోనియం మీద ఒకసారి వాయించుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. అన్యస్వరం తగిలితే 'మోహన ఛాయలు' అనండి, ఎవరూ కాదనరు.

అన్నమయ్య సంకీర్తనల విషయంలో జరుగుతున్నది అంతకన్నా పెద్ద అన్యాయం. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, పాడుకునే వరస లేదు. ఈ రోజు మనం వింటున్న వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు చేసిన పని అది. 'అన్నమయ్య స్వరపరిచిన కీర్తన' అని రాసిన ప్రతిసారీ ఆ స్వరకర్త పేరు చెరిపేసినట్టే. ఎవరి వరసో గాయకుణ్ణి అడిగితే చెబుతారు.

తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం మొదలవగానే సమీక్షకుడు లేచి వెళ్లడం, మర్నాడు 'మృదంగంపై ఫలానావారు చక్కగా సహకరించారు' అని రాయడం ఎప్పటినుంచో ఉన్నదే. కారణం తెలియంది కాదు, రాత్రి పేజీ గడువు. అలాంటప్పుడు మర్నాటికి ఐదు పంక్తుల వార్త వేసి, సమీక్షను వారం తర్వాత వేయొచ్చు. కచేరీ వారానికి పాతబడదు. ఏ నడక ఎత్తుకున్నారు, మూడేసి దెబ్బల తిస్రమా, ఐదేసి దెబ్బల ఖండమా, వాయింపును ముగించే ముక్తాయింపు కృతి ఎత్తుగడ మీదికి సరిగ్గా వచ్చి పడిందా, గాయకుడు తడుముకోకుండా అందుకున్నారా అన్నది చివరిదాకా కూర్చుంటేనే తెలుస్తుంది. మృదంగం మోత ఎక్కువైందని రాసేముందు హాలు మధ్యకు వెళ్లి ఒక పాట వినడం మంచిది. ముందు వరుసలో స్పీకరు పక్కన కూర్చుని మైకువాళ్ల తప్పు విద్వాంసుడి నెత్తిన రుద్దుతున్నారు.

ఇక పక్షపాతం. అది పొగడ్తలో కన్నా మౌనంలో బాగా దొరుకుతుంది. ఒక ఏడాది సమీక్షలు ముందు వేసుకుని, లోపం చెప్పిన ప్రతి వాక్యం కిందా ఎర్రగీత గీయండి. గీతలన్నీ మధ్యాహ్నం పాడిన కుర్రవాళ్ల దగ్గరే పోగుపడి, సాయంత్రం ప్రధాన కచేరీల దగ్గర ఒక్కటీ లేకపోతే మీకే అర్థమవుతుంది. పెద్దవారి గొంతు తారస్థాయిలో నిలవని రోజు సమీక్షలో 'అనుభవం తొణికిసలాడింది' అని వస్తుంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన నేల మీద నాదస్వరానికి ఏడాదిలో ఎన్ని సమీక్షలు వచ్చాయో కూడా లెక్కపెట్టండి.

సభ కార్యవర్గంలో ఉన్నవారో, గాయకుడి గురువో సమీక్ష రాయడం నేరమని మేం అనడం లేదు. సంగీతం తెలిసి రాయగలిగేవారు తక్కువ, వారందరూ ఒకరికొకరు తెలిసినవారే. ఆ సంగతి చివర ఒక పంక్తిలో చెప్పాలి, అంతే. అమెరికా రేడియోల్లో డబ్బు తీసుకుని పాటలు వేసిన వ్యవహారం 1959లో బయటపడ్డాక, మరుసటి ఏడాది వచ్చిన చట్టం సారం కూడా ఇదే: డబ్బు ముట్టితే శ్రోతకు చెప్పు. మన దగ్గర రీళ్లు చేసేవారిని సైతం డబ్బుకు చేసినదైతే ప్రకటన అని గుర్తు పెట్టమని ప్రకటనల ప్రమాణాల మండలి 2021 నుంచి అడుగుతోంది. రీలుకున్న పాటి నియమం పత్రికకు బరువా?

సినిమా సంగీతం పేజీ గురించి రెండే మాటలు. '24 గంటల్లో ఇన్ని కోట్ల వీక్షణలు' అన్నది పాట గుణానికి కొలత కాదు. ప్రకటనగా డబ్బు కట్టి తెచ్చుకున్న వీక్షణలను సంగీత చార్టుల్లోనూ 24 గంటల రికార్డుల్లోనూ లెక్కించబోమని యూట్యూబే 2019 సెప్టెంబరులో చెప్పింది. మన శీర్షికలు మాత్రం వీడియో కింద కనబడే అంకెనే పట్టుకు వేలాడుతున్నాయి. రెండోది, స్టూడియో పాట విని గాయని శ్రుతిశుద్ధిని మెచ్చుకోకండి. శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ వచ్చింది 1997లో. మెచ్చుకోదలిస్తే ఉచ్చారణను, భావాన్ని మెచ్చుకోండి. గీతరచయిత, వేణువు వాయించినవారు, మిక్సింగ్ చేసినవారి పేర్లు తరచుగా వీడియో వివరణలోనే ఉంటాయి, ఎత్తి రాయడమే పని.

రాగం పేరో స్వరకర్త పేరో తప్పు పడితే, అదే పేజీలో సవరణ వేయండి. నివాళి వ్యాసాల్లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే 'సంగీత కళానిధి'ని కేంద్ర సంగీత నాటక అకాడమీ ఖాతాలో వేయడం కూడా దయచేసి ఆపించండి. ఒక చిన్న ప్రయోగం కూడా చేసి చూడండి. 'సహకరించారు' అన్న మాట వాడకూడదని మీ డెస్కులో ఒక ఏడాది పాటు చెప్పండి. అప్పుడు మృదంగం గురించి ఏదో ఒకటి రాయక తప్పదు.

ఇట్లు
చివరిదాకా కూర్చునే కొందరు శ్రోతలు