నలభై సెకన్లలో అవధానం

సంపాదకులకు నమస్కారం.

ఎనిమిదిమంది అడిగేవాటన్నిటికీ అవధాని ఒక్కడే ఆశువుగా జవాబు చెప్పే మూడు గంటల అష్టావధానాన్ని నలభై, యాభై సెకన్ల ముక్కలుగా కోసి రీల్స్‌గా, షార్ట్స్‌గా వదులుతున్న తీరు గురించి, అటువంటి ముక్కల్లో ఒకదానిలో ఇరుక్కున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను విశ్రాంత తెలుగు పండితుణ్ణి. ఏడాదికి ఒకటి రెండు అవధానాల్లో పృచ్ఛకుడిగా, అంటే అవధానిని ప్రశ్నించేవాడిగా, కూర్చోవడం నాకు మిగిలిన వ్యసనం.

కిందటి ఉగాదికి ముందు మా ప్రాంతంలో జరిగిన అవధానంలో నాకు సమస్యాపూరణం అప్పగించారు. పద్యం చివరి పాదాన్ని నేనిస్తే, ముందరి మూడు పాదాలనూ అవధాని పూరించాలి. తల్లిని చంపిన కొడుకే ధన్యుడనే అర్థం వచ్చేలా ఒక కందపాదం ఇచ్చాను. సమస్య స్వభావమే అది: వినగానే అసంబద్ధంగానో అధర్మంగానో తోచాలి, మిగిలిన పాదాలు పడేసరికి అదే మాట సహజంగా ఒదిగిపోవాలి. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న పాత సమస్యను వినని సాహిత్యాభిమానులు అరుదు; పాండవులు విరాటుడి కొలువులో ఊడిగం చేయవలసి వచ్చిందని చెప్పగానే ఆ వింత కాస్తా విషాదమైపోతుంది. మా సభలో అవధాని గారు ఆవృత్తికి (పృచ్ఛకులందరినీ ఒకసారి చుట్టివచ్చే వరసకు) ఒక పాదం చొప్పున, మధ్యలో ఇచ్చిన పదాలతో పద్యం చెప్పే దత్తపదినీ, పృచ్ఛకుడు అడుగడుగునా ఒక్కో అక్షరాన్ని నిషేధించే నిషిద్ధాక్షరినీ, అప్రస్తుత ప్రసంగంలోని కొంటె ప్రశ్నలనూ దాటుకుంటూ, జమదగ్ని ఆజ్ఞనూ, రేణుక మరణాన్నీ, ఆమెను తిరిగి బతికించమని పరశురాముడు కోరిన వరాన్నీ మూడు పాదాల్లో కూర్చి, నాలుగో ఆవృత్తిలో నా పాదాన్ని నాకే కొత్తగా వినిపించారు. సమస్య ఇవ్వడానికీ పూరణ ముగియడానికీ నడుమ గంటా నలభై నిమిషాలు గడిచాయి.

వారం తర్వాత ఒక చానల్ వారు పెట్టిన ముక్కలో ఉన్నవి మొదటి నలభై సెకన్లే. నేను పాదం చదవడం, సభ గొల్లుమనడం, అవధాని గారు నవ్వుతూ తల పట్టుకోవడం, అంతటితో సరి. పైన 'పండితుడి నోట ఇదేం మాట!' అని ఎర్రటి అక్షరాలు. మా పెద్దక్కయ్య ఫోను చేసి, "అమ్మ పోయి ఏడాదైనా కాలేదు కదరా, ఏమిటా మాటలు?" అంది. పరశురాముడి దాకా ఆమెను తీసుకువెళ్లడానికి నాకు అరగంట పట్టింది.

ఇది నా ఒక్కడి ఇబ్బందే అయితే పత్రికకెక్కేవాణ్ణి కాను. ఆ తర్వాత పంతం పట్టి రెండు నెలలపాటు ఫోనులో అవధానాల ముక్కలు చూశాను. నా కంటపడినవాటిలో ఎక్కువభాగం అప్రస్తుత ప్రసంగమే. ప్రశ్న, చమత్కారమైన జవాబు, చప్పట్లు అన్నీ అరనిమిషంలో అమరే అంశం అదొక్కటే కాబట్టి కోసేవారికి అది తేలిక. అయితే ఆ అంశం పెట్టింది నవ్వించడానికి మాత్రమే కాదు, అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి. అప్పటికి ఆయన బుర్రలో సగంలో ఆగిన మూడు నాలుగు పద్యాలున్నాయి, నిషిద్ధాక్షరిలో ఎక్కడ ఆపారో ఆ అక్షరం ఉంది, ఎన్నిసార్లు గంట మోగిందో ఆ లెక్క ఉంది. ఆ బరువు మోస్తూ చమత్కరించడం విద్య. బరువు కనబడకుండా చమత్కారాన్ని మాత్రమే చూపిస్తే, అవధాని కూడా మాటకారి అయిన ఒక వ్యాఖ్యాతలాగే కనిపిస్తాడు. మా మనవడు ఇంటర్ చదువుతున్నాడు. అవధానమంటే తెలుగులో చేసే స్టాండప్ కామెడీ అనుకుంటున్నాడు. తప్పు వాడిది కాదు.

ఆ ముక్కను కోసిన కుర్రవాణ్ణి వెతికి పట్టుకుని మాట్లాడాను. మంచివాడు, పని తెలిసినవాడు. "రోజుకు పది క్లిప్పులు ఇవ్వాలండి, మూడు గంటల వీడియో ఎక్కడ కూర్చుని చూస్తాం?" అన్నాడు. నవ్వులూ చప్పట్లూ ఎక్కడ వచ్చాయో టైమ్‌లైన్‌లో ధ్వని గీత పైకి లేచిన చోట్లను బట్టి చూసుకుని, అటూ ఇటూ కొంత తీసుకుంటాడట. ఆపైన ఖాళీలను ఏరివేసే సదుపాయం ఒకటి నొక్కితే, మాట లేని చోటల్లా దానంతటదే ఎగిరిపోతుంది. నేపథ్యంలోని చప్పుళ్లను తగ్గించే మీట ఇంకొకటి ఉంది. నా ఎదుటే ఒక నిషిద్ధాక్షరి ముక్కను అలా శుభ్రం చేసి చూపించాడు. పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని నిషేధించగానే అవధాని గారు కళ్లు మూసుకుని తీసుకున్న ఏడెనిమిది సెకన్లు మాయమయ్యాయి; అక్షరం మీద అక్షరం టకటకా పడుతూ, ఇంటి దగ్గర వల్లెవేసి వచ్చిన పద్యాన్ని అప్పజెబుతున్నట్టు వినిపించింది. వెనక ఎక్కడో ఘంటానాదం పృచ్ఛకుడు కొట్టిన గంట కూడా వినిపించకుండా పోయింది. ఆ గంట రణగొణధ్వని కాదు నాయనా, అదొక అంశం, ఎన్ని గంటలు మోగాయో ఆయన చివర్లో చెప్పాలి అంటే, కుర్రవాడు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, "అది మైకు టేబుల్‌కి తగిలిన చప్పుడనుకున్నానండి" అన్నాడు.

చట్రం సంగతి కూడా ఆ రోజే అర్థమైంది. వేదికను అడ్డంగా తీసిన వీడియోను ఫోనుకు సరిపడేలా నిలువుగా కోస్తే, ఎత్తు అలాగే ఉంచినప్పుడు వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు. నడుమ అవధాని, రెండు వైపులా ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉండే వేదికకు ఇది గొడ్డలిపెట్టు. ప్రశ్న ఎవరు అడిగారో కనబడదు, గంట కొట్టే చెయ్యి కనబడదు.

తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసి ఈ విద్యకు జనాదరణ తెచ్చిన రోజుల్లో వీడియోలు లేవు. ఆ జంటలో ఒకరైన దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1920లోనే కాలం చేశారు. వారి అవధాన పద్యాలు అచ్చులో మనకు దక్కాయి గాని, పాదానికీ పాదానికీ నడుమ సభలో ఏం జరిగిందో, ఏ మాట దగ్గర ఆగి ఏ మాట పట్టుకున్నారో మనం చూడలేము. పద్యం పుడుతున్నప్పటి ఆ ఆలోచనను పుస్తకం నిలపలేకపోయింది, కెమెరా నిలపగలుగుతోంది. తీరా ముక్కలు కోసేటప్పుడు అన్నిటికన్నా ముందు మనం పారేస్తున్నది దాన్నే.

చిన్న వీడియోల మీద నాకు ద్వేషం లేదు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది నెలల్లోనే రీల్స్, షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. ఇవాళ పల్లెటూళ్లో పశువుల కాపరి చేతిలోనూ అవే ఆడుతున్నాయి, మూడు గంటల సభకు రాని వారికి అవధానమనే మాటైనా చేరుతున్నది వాటి వల్లనే. వ్యవధి చాలదన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. 2024 అక్టోబరు నుంచి యూట్యూబ్ షార్ట్స్ నిడివిని మూడు నిమిషాలకు పెంచారు. ఉత్పలమాలలో పాదానికి 20 చొప్పున ఉండేవి 80 అక్షరాలు. రాగం తీసి చదివినా నిమిషానికి మించదు. సమస్య ఇచ్చిన చోటు, ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం పడిన చోటు, చివర ధారణలో పద్యమంతా జ్ఞాపకం నుంచి ఒక్క ఊపున చదివిన చోటు వరసగా అతికి, ప్రతి అతుకు దగ్గరా అప్పటికి ఎంతసేపు గడిచిందో అంకెల్లో చూపిస్తే, మూడు నిమిషాల లోపే అవధానమంటే ఏమిటో చూసేవాడికి తెలిసిపోతుంది. ఇదే మాట ఆ కుర్రవాడితో అంటే, "అలా చేస్తే మొదటి మూడు సెకన్లలో హుక్ ఉండదండి" అన్నాడు. హుక్ అంటే చూసేవాణ్ణి పట్టి ఆపే ఎర. అసంభవమైన పాదం ఒకటి వినిపించి, దీన్ని ఎలా నిజం చేస్తారో చూడండి అనడం కన్నా పెద్ద హుక్ ఏముంటుందో నాకు తోచలేదు. అతడికీ తోచినట్టు లేదు.

కొందరు మిత్రులు కోర్టుకు వెళ్లమన్నారు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 38-బి సెక్షన్ ప్రకారం, తన ప్రదర్శనను ప్రతిష్ఠకు భంగం కలిగేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ప్రదర్శకుడికి ఉంది. అయితే ఆ సెక్షన్ కిందనే, ఎడిటింగ్ కోసమో పరిమిత వ్యవధిలో ఇమడ్చడం కోసమో కొంత భాగాన్ని తీసివేసినంత మాత్రాన దాన్ని ప్రతిష్ఠకు భంగంగా భావించరాదన్న వివరణ కూడా ఉంది. ఆ వివరణ న్యాయమైనదే, లేకుంటే ఏ ఎడిటరూ కత్తెర పట్టలేడు. కనుక అక్కడ తేలే వ్యవహారం కాదిది. రికార్డింగును ఎవరి చేతికి, ఏమని చెప్పి ఇస్తున్నామన్న దగ్గరే తేలాలి.

అవధాన సభలు జరిపే సంస్థలు ఇప్పటిదాకా వీడియో తీసేవారికి భోజనం సంగతి తప్ప మరేమీ చెప్పడం లేదు. కనీసం ఆ రోజు ఇచ్చిన సమస్యలూ దత్తపదులూ, ఏ అంశం ఎన్నో నిమిషం దగ్గర మొదలైందన్న వివరం ఒక కాగితం మీద రాసి రికార్డింగుతో పాటు ఇవ్వవచ్చు. అవధాని ఆలోచిస్తున్న మౌనాన్నీ గంట శబ్దాన్నీ తీసేయవద్దని ముందే చెప్పవచ్చు. ప్రతి ముక్క కిందా సభ జరిగిన ఊరు, తేదీ, అవధాని పేరు, పృచ్ఛకుల పేర్లు ఉండాలనీ, షార్ట్ నుంచి పూర్తి వీడియోకు లంకె పెట్టాలనీ షరతు పెట్టవచ్చు. ఆ లంకె పెట్టే సదుపాయం యూట్యూబ్‌లోనే ఉంది. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

కార్తీకంలో మా ఊళ్లో మళ్లీ అవధానం ఉంది. ముక్కలు కోసే పని ఆ కుర్రవాడికే ఇప్పించాను. నిలువుగా పెట్టే కెమెరా ఇంకొకటి అదనంగా తెస్తానన్నాడు, ఘంటానాదం వారి ఎదుట ఒక మైకు విడిగా పెడతానన్నాడు. మర్నాడు టైమ్‌లైన్ ముందు కూర్చున్నప్పుడు పక్కన కుర్చీ వేసుకుంటానని నేనూ మాట ఇచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
తెనాలి