అతిథి గదులు, పిడికెడు బియ్యం పరిచర్య: 2024-25 వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన అయ్యగారికి, పాస్టరమ్మ గారికి, సంఘ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చేరిన రోగుల వెంట వచ్చేవాళ్ల కోసం చర్చి వెనక మనం నడుపుతున్న రెండు గదులు ఈ ఏడాది ఒక్కరోజు కూడా మూతపడలేదు. దేవునికి స్తోత్రం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. రిజిస్టర్‌లో పేరు, ఊరు, పేషంట్ ఏ వార్డులో ఉన్నారు, ఈ మూడే రాయించాలి. కులం, మతం అడగకూడదన్నది మన పాత తీర్మానమే. ఈమధ్య ఒకరిద్దరు అడుగుతున్నారని తెలిసి మళ్లీ చెప్తున్నాను. అబ్రాహాము తన గుడారం ముందు నిలబడ్డ ముగ్గురిని మీరెవరు, ఏ ఊరని అడగలేదు. ముందు కాళ్లకు నీళ్లు తెప్పించాడు.

ఈ ఏడాది మనం ఎప్పటికీ గుర్తుపెట్టుకోవాల్సిన రోజు సెప్టెంబర్ 1, ఆదివారం. రాత్రంతా కురిసిన వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆకేరు వాగు పొంగి అటువైపు రోడ్డూ తెగింది. డిశ్చార్జి చీటీ చేతిలో పట్టుకుని స్టేషన్ దాకా పోయినవాళ్లు తడిసి తిరిగొచ్చారు. మనం ఆరాధన ముగించి బయటికి వచ్చేసరికి వరండాలో 23 మంది ఉన్నారు. అందులో వారం రోజుల పసిగుడ్డుతో ఒక బాలింత.

బియ్యం డ్రమ్ము మూత తీస్తే అడుగు కనబడుతోంది. ఇళ్లలో వంటకు ముందు పిడికెడు చొప్పున తీసిపెట్టిన బియ్యం సంచులు వచ్చేది రెండో ఆదివారం. డబ్బాతో గీకితే మూడు డబ్బాలు కూడా నిండలేదు. నా దగ్గరున్న సొమ్ము 640 రూపాయలు. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. స్త్రీల సమాజం పెద్దమ్మ మాత్రం "ఉన్నయైతే ఎసట్ల పొయ్యి బిడ్డా, మిగతాది దేవుడు చూస్తడు" అని పొయ్యి ముట్టించింది. కూరగాయలు లేవు కాబట్టి చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, నువ్వుల పొడి వేసి పచ్చిపులుసు చేశారు. బాలింతకు అది పెట్టకూడదని ఒక చెల్లెలు వానలోనే ఇంటికి పోయి వేడన్నం, ఎల్లిపాయ కారం, చిన్న గిన్నెలో నెయ్యి కొంగు కింద దాచుకుని తెచ్చింది. ఆ ఇంట్లో నెయ్యి రోజూ ఉండేది కాదని మనలో చాలామందికి తెలుసు.

సాయంత్రానికి వీధి చివరి కిరాణం అన్న పాతిక కిలోల బస్తా ఆటోలో పంపించాడు. ఆయన మన సంఘస్థుడు కాదు, ఆయన్ని ఎవరమూ అడగలేదు. ఆ రాత్రి నుంచి సంచులు వాటంతట అవే రావడం మొదలైంది. బుధవారం రైళ్లు కదిలేదాకా మూడు రాత్రులు అందరూ మన దగ్గరే తిన్నారు, పడుకున్నారు. వాళ్లు వెళ్లాక చూస్తే డ్రమ్ము సగానికి పైగా ఉంది. ఏలీయా ప్రవక్తకు రొట్టె పెట్టినా పిండి తరగని సారెపతు విధవరాలి తొట్టి గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ బుధవారం దాన్ని కళ్లతో చూశాను.

బాధతో ఇంకో మాట కూడా చెప్పాలి. బియ్యం వచ్చాయి, మనుషులు రాలేదు. రాత్రి డ్యూటీకి పేర్లిచ్చింది 14 మంది, ఆ మూడు రాత్రులూ కనబడింది నలుగురు. గంజి వార్చింది, బాత్రూములు కడిగింది ఆ నలుగురే. వానలో రాలేనివాళ్లను నేనేమీ అనను. వాన తగ్గాక ఏడు నెలలైనా రానివాళ్ల గురించే ఈ మాట. నల్లా కనెక్షన్ కోసం సంబంధిత ఆఫీసుకు ఆరుసార్లు తిరిగాం. తిరిగిన ప్రతిసారీ ఇంకో కాగితం కావాలన్నారు. ఇప్పటికీ పక్కింటివాళ్ల బోరు నీళ్లే వాడుకుంటున్నాం, వాళ్ల ఓపికకు వందనాలు.

చందాల కోసం రోడ్డు మీద ఫ్లెక్సీ పెడదామని కమిటీలో చర్చ వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ గారు వేలమంది అనాథ పిల్లలను పోషిస్తూ కూడా తన అవసరాలు దేవునికి తప్ప మనుషులకు చెప్పుకోలేదు. అయినా వచ్చిన ప్రతి పైసాకు ఏటా లెక్క అచ్చువేయించాడు. మనకు ఆ రెండూ కావాలి. క్రిస్మస్ తర్వాత యువజనులు నూరేళ్లు నిండిన మెదక్ చర్చి చూసి వచ్చారు. కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ గారు కట్టించిన గుడి అది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ప్రయాణం ఖర్చు యువజనులు ఎవరిది వారే పెట్టుకున్నారు.

జమాఖర్చుల పట్టిక ఆడిట్ అయి నోటీసు బోర్డు మీద ఉంది. అప్పు లేదు, నిల్వ తక్కువ. చూసి సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

స్త్రీల సమాజానికి, దుప్పట్లు ఉతికిపెట్టిన చెల్లెళ్లకు, అర్ధరాత్రి డబ్బులు తీసుకోకుండా మనుషులను దింపిన ఆటో తమ్ముళ్లకు, కిరాణం అన్నకు, ఆ నలుగురికి కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు.

రాత్రి డ్యూటీ కొత్త పట్టిక బల్ల మీద ఉంది, వెళ్లేముందు పేరు రాయండి. శనివారాలు రెండు ఇంకా ఖాళీగా ఉన్నాయి. పిడికెడు బియ్యం సంచులు వచ్చే ఆదివారం తీసుకుంటాం.

ప్రభువు సేవలో,
కార్యదర్శి